రక్తపరీక్ష: నర్సు బాధ్యత, రోగి సహకారము

వ్యాధి యేదో తెలియక మందిచ్చుట చీకటిలో రాయి విసరుట వంటిది. ఆ చీకటిని తొలగించు సాధనములలో రక్తపరీక్ష ముఖ్యమైనది. చలిజ్వరము మలేరియా యగునా కాదా, గర్భిణికి రక్తహీనత కలదా లేదా, మధుమేహము అదుపులో నున్నదా లేదా యనునది కొద్దిపాటి రక్తమే చెప్పగలదు. కాని ఆ రక్తము నిజము చెప్పవలెనన్న, దానిని తీయు విధానము సక్రమముగా నుండవలెను. ఆ భారము ప్రధానముగా నర్సుది, కొంత రోగిది.

"రక్తము తీసినచో నీరసము వచ్చును" అను భయము మన గ్రామములలో కొందరికి ఇంకను కలదు. పెరిగిన మనిషి దేహమున సుమారు 5 లీటర్ల రక్తముండును. ఒక పరీక్షగొట్టమునకు తీయునది సాధారణముగా 2 మొదలు 5 మిల్లీలీటర్లు. అనగా ఒక చిన్న చెంచాడు. రక్తదాతలు ఒకేసారి 350 మిల్లీలీటర్లిచ్చి, కొంత విశ్రమించి, ఇండ్లకు పోవుచున్నారు. గర్భిణికి హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనత యందురు. దానిని సకాలమున కనుగొననిచో ప్రసవ సమయమున తల్లి ప్రాణమునకే ముప్పు రావచ్చును. చెంచాడు రక్తమునకు వెరచి ప్రాణమును పణముగా నొడ్డుట వివేకము గాదు.

పరగడుపున చక్కెర పరీక్ష చేయించుకొనువారు కనీసము 8 గంటలు ఏమియు తినరాదు. మంచినీరు త్రాగవచ్చును, కాఫీ, టీలు కూడవు. హిమోగ్లోబిన్ పరీక్షకు పస్తుండ నక్కరలేదు. వాడుచున్న మందులను గూర్చియు, పూర్వము సూదిపోటుకు సొమ్మసిల్లియున్నచో ఆ సంగతియు దాచక చెప్పవలెను. అట్టివారిని పరుండబెట్టి రక్తము తీయుదురు.

నర్సు మొదట రోగి పేరు తెలిసికొనవలెను. "మీరు లక్ష్మమ్మగారే కదా?" అని యడిగినచో, కంగారులో నున్న మనిషి ఏ పేరుకైనను తలయూపవచ్చును. కనుక పేరు రోగి నోటనే చెప్పించవలెను. ఒకే యూరిలో లక్ష్మమ్మలు నలుగురుండవచ్చును గనుక వయస్సు, తండ్రి లేక భర్త పేరు కూడ అడుగవలెను. రక్తము తీసిన వెంటనే, రోగి యెదుటనే, గొట్టముపై ఆ వివరములు వ్రాయవలెను. మనుష్యుల రక్తము వేర్వేరు వర్గములకు చెందునని 1901లో లాండ్‌స్టైనర్ వెల్లడించెను. ఒకరి రక్తమునకు మరొకరి పేరు తగిలినచో, పొసగని రక్తము ఎక్కించుటకు దారితీసి ప్రాణాంతకము కావచ్చును.

నర్సు చేతులు కడుగుకొని, తొడుగులు ధరించి, క్రొత్త సూదిని రోగి యెదుటనే విప్పవలెను. మోచేతి మడతకు మూడు నాలుగు అంగుళముల పైన కట్టిన పట్టీ నిమిషమునకు మించి యుండరాదు. రోగి పిడికిలిని పదే పదే మూసి తెరువరాదు. అందువలన పొటాషియము లెక్క తప్పవచ్చును. స్పిరిటు ఆరిన పిమ్మటనే సూది గ్రుచ్చవలెను. తడిపై గ్రుచ్చినచో మంట పుట్టును. సెలైను ఎక్కుచున్న చేతినుండి తీసిన రక్తము నీరు కలిసిన పాలవంటిది; దాని ఫలితము నమ్మరానిది. రక్తమున్న గొట్టమును గట్టిగా కుదిపినచో కణములు చితికిపోవును. పాలు త్రాగు బిడ్డకు రక్తము తీయునపుడు తల్లి పాలిచ్చుచున్నచో బిడ్డకు నొప్పి తక్కువగా తోచును.

సూది తీసిన పిమ్మట పొడిదూదితో రెండు మూడు నిమిషములు అదిమి, చేయి చాచియే యుంచవలెను. మోచేయి మడచుట పలువురి కలవాటు; దానివలన చర్మము క్రింద రక్తము చేరి కమలవచ్చును. రక్తము గడ్డకట్టకుండ మందులు వాడువారు మరికొంతసేపు అదుమవలెను. తల తిరిగినచో వెంటనే పరుండబెట్టి కాళ్లు ఎత్తుగా నుంచవలెను.

వాడిన సూదికి నర్సు తిరిగి మూత పెట్టక, సూది చీల్చుకొని రాలేని గట్టి తెల్లని డబ్బాలో వేయవలెను. ఒకరి సూది మరొకరికి వాడినచో హెపటైటిస్ బి, సి, ఎయిడ్స్ వ్యాధులు సోకగలవు. కావున "ఇది క్రొత్త సూదియేనా అమ్మా?" అని యడుగుట నర్సును అవమానించుట కాదు, అది రోగి హక్కు. ఆ ప్రశ్నకు చిరునవ్వుతో బదులిచ్చి సూదిని చూపించుట నర్సు ధర్మము. ఇట్టి నమ్మకము కుదిరిన చోట రక్తపరీక్షకు వెనుదీయువా రుండరు.