మీకు తెలుసా? హిజిలీ అంటే ఒకప్పుడు దీవి!

తరతరాలుగా ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉంటున్న తెలుగు కుటుంబాలకు హిజిలీ అంటే పక్క స్టేషనే. 1951లో ఐఐటీ మొదలైంది కూడా అక్కడి నిర్బంధ శిబిరం భవనంలోనే. కానీ అదే పేరుతో దక్షిణాన, రసూల్‌పూర్ నది సముద్రంలో కలిసేచోట, ఒకప్పుడు ఒక దీవి ఉండేది. 1687లో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ మొఘల్ సేనతో తలపడింది అక్కడే.

ఆ తీరమే బంకించంద్ర ఛటర్జీకి నవల ఇచ్చింది! 1860లో ఆయన ఉద్యోగం మీద కాంథీ దగ్గరి నెగువాకు వచ్చారు. ఇసుక దిబ్బలు, అడవి, హోరుమనే అలలు. అర్ధరాత్రి ఒక కాపాలికుడు తలుపు తట్టేవాడని ఆయన తమ్ముడు పూర్ణచంద్ర రాశారు. 1866లో ‘కపాలకుండల’ వచ్చింది. గంగాసాగర్ దీవి నుంచి తిరిగొస్తున్న యాత్రికుల పడవ మంచులో దారి తప్పుతుంది. వంటకు కట్టెలు తేవడానికి దిగిన నవకుమార్ వెనక్కి వచ్చేలోపే పోటు ముంచుకొస్తుంది, పడవ వెళ్లిపోతుంది. ఆ నిర్జన తీరంలో అతనికి ఎదురయ్యేది మళ్లీ కాపాలికుడే!

బదిలీ మీద వచ్చిన ఊరిని ఇంత శ్రద్ధగా చూసిన రచయిత అంటే నాకు ఎంతో గౌరవం. సంక్రాంతికి గంగాసాగర్ స్నానానికి వెళ్లే మనవాళ్లు తెల్లవారుజామున పడవలో కూర్చుంటే, ఆ మంచు ఇప్పటికీ కనిపిస్తుంది.