మీకు తెలుసా? వెబ్ పేజీలో పట్టికకు తగిన చోటు

• నల్లగొండ జిల్లా నీటి పరీక్షల వివరాలు రాయాలంటే పట్టిక కావాల్సిందే. ఊరి పేరు, బావి, లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందో ఆ అంకె. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు 1.5. వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్‌లో ‘టేబుల్’ ట్యాగ్ ఇలాంటి సమాచారం కోసమే పుట్టింది. 1990ల నడుమ మాత్రం డిజైనర్లు పేజీ మొత్తాన్నీ దానితోనే అమర్చారు. ఎడమ గడిలో మెనూ, నడుమ వార్త, కుడివైపు ఫొటో, ఎడం కోసం ఒక్క పిక్సెల్ ఖాళీ బొమ్మలు. అప్పటి బ్రౌజర్లలో వాళ్లకు వేరే మంచి దారి లేదు.

• పేజీ రూపాన్ని, అమరికను విడిగా రాసుకునే ‘స్టైల్‌షీట్’ను వెబ్‌కోసం హోకన్ వియుమ్ లీ 1994 అక్టోబర్‌లోనే ప్రతిపాదించాడు. ఆ పనిలో ఆయనకు బెర్ట్ బోస్ తోడయ్యాక, 1996 డిసెంబర్ 17న ఈ స్టైల్‌షీట్ల భాష సీఎస్ఎస్ తొలి ప్రమాణం వెలువడింది. బ్రౌజర్లు దాన్ని సరిగ్గా పాటించడానికి మరికొన్నేళ్లు పట్టింది.

• చూపులేనివారికి స్క్రీన్ రీడర్ పేజీని చదివి వినిపిస్తుంది. నీటి పరీక్షల పట్టికలో శీర్షిక గడులను సరిగ్గా గుర్తిస్తే, అంకెతోపాటు అది ఏ ఊరిదో, ఏ బావిదో కూడా చెబుతుంది. అదే పట్టికను పేజీ అమరికకు వాడితే గడుల వరుసలోనే చదువుకుపోతుంది. వార్త సగంలో మెనూ, మెనూ తర్వాత మిగతా వార్త వినపడవచ్చు. అందుకే 1999 మేలో వచ్చిన అంతర్జాతీయ సౌలభ్య మార్గదర్శకాలు, వరుసగా చదివితే అర్థంకాని పట్టికలను అమరికకు వాడొద్దన్నాయి. నా దృష్టిలో స్టైల్‌షీట్‌వైపు ఇంతకన్నా బలమైన వాదన లేదు.

• నల్లగొండ, జడ్చర్ల అని రాస్తే వత్తు కిందికి దిగుతుంది. ఇంగ్లిష్‌కు సరిపోయే వరుస ఎడం తెలుగుకు చాలదు, వత్తులు కింది వరుసకు తగులుతాయి. స్టైల్‌షీట్‌లో ‘లైన్ హైట్’ ఒక్కచోట పెంచితే సైట్‌లోని పేజీలన్నీ సర్దుకుంటాయి.

• పాలమూరు బిడ్డ, 1926లో గోలకొండ పత్రికను మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి పేరుతో ఒక తెలుగు ఫాంట్ ఉంది. సిలికానాంధ్ర సంస్థ దాన్ని ఉచితంగా అందించింది. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే ఈ ‘సురవరం’ శీర్షికలకు బాగుంటుంది. స్టైల్‌షీట్‌లో పేరుతోపాటు ఫాంట్ ఫైల్ ఎక్కడుందో కూడా రాస్తే, చదివేవారి ఫోన్‌లో ఆ ఫాంట్ లేకున్నా బ్రౌజరే తెచ్చుకుంటుంది.

• అడ్డు, నిలువు గడుల అమరిక 2017 మార్చిలో ‘సీఎస్ఎస్ గ్రిడ్’ రూపంలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీలకు వచ్చింది. ఇక పేజీ అమరికకు టేబుల్ అక్కరలేదు. ఈమెయిళ్లలో మాత్రం ఇంకా వాడుతున్నారు, ఎందుకంటే 2007 నుంచి విండోస్ అవుట్‌లుక్ మెయిళ్లను చూపడానికి, సీఎస్ఎస్ అమరికలను సరిగా పాటించని వర్డ్ యంత్రాంగంపై ఆధారపడింది.

మీ బడికో, పంచాయతీకో సైట్ చేయిస్తుంటే, డబ్బు చెల్లించేముందు దాన్ని చిన్న ఫోన్‌లో తెరిచి చూడండి. స్క్రీన్ రీడర్ వాడే ఒకరిని పిలిచి వినిపించండి. అర్థం కాలేదని వారంటే, సరిచేసి ఇమ్మని అడగండి.