అద్దెకున్న పాట

ఎమిరేట్స్ ఎఫ్ఎం డయల్ మీద పాత రాక్‌కు సొంతిల్లు దొరకలేదు. అయినా పక్కవాళ్ల ఇళ్లలో ఒక గది పట్టుకుని దశాబ్దాలు నెట్టుకొచ్చింది. అది మనకూ ఒక దారి చూపిస్తోంది.

1971 నవంబరు 8న లెడ్ జెప్పెలిన్ నాలుగో ఆల్బమ్ వచ్చింది. ఎనిమిది నిమిషాల ‘స్టెయిర్‌వే టు హెవెన్’ అందులోదే. సరిగ్గా ఇరవై నాలుగు రోజులకు, డిసెంబరు 2న, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ పుట్టింది. దేశానికీ పాటకూ ఒకటే ఈడు. కానీ ఆ దేశంలో ఆ పాట కోసం చెవి కోసుకునేవాళ్లలో ఎక్కువమంది పుట్టి పెరిగింది మాత్రం ఇంకెక్కడో.

2015 నాటి ఒక ఉదయం. షార్జా నుంచి దుబాయ్ వెళ్లే రోడ్డు. కార్లు చీమల బారులా కదులుతున్నాయి. రేడియో మీట నొక్కుతూ పోతే 89.1లో హిందీ, 89.4లో తమిళం, 91.1లో ఫిలిప్పీన్స్ వాళ్ల కబుర్లు, 92లో ఇంగ్లీషు, 96.7లో మలయాళం, 99లో అరబ్బీ, 101.3లో మళ్లీ మలయాళం, 101.6లో మళ్లీ హిందీ. పది మందిలో దాదాపు తొమ్మిది మంది బయటినుంచి వచ్చినవాళ్లే అయిన దేశానికి అంతకన్నా మంచి జనాభా లెక్క ఉండదు. ఆ వరసలో ‘క్లాసిక్ రాక్’ అని బోర్డు కట్టిన స్టేషన్ లేదు. పాట మాత్రం ఉంది. దుబాయ్ 92లో, ‘ది కోస్ట్’ 103.2లో పాత హిట్ల మధ్య ఒదిగి కూర్చుంది.

శిబిరం నుంచి అజ్మాన్ దాకా

ఎమిరేట్స్ తీరంలో రేడియో ముందు రాజకీయం కోసం పుట్టింది. 1960లలో కైరో నుంచి వచ్చే, ఈజిప్టు అధ్యక్షుడు నాసర్‌కు అనుకూలమైన ప్రసారాలకు పోటీగా బ్రిటిష్‌వాళ్లు షార్జా సైనిక శిబిరంలో ‘సౌత్ అల్ సాహిల్’ అనే అరబ్బీ ప్రసారం నడిపారు. 1969లో అబుదాబి రేడియో వచ్చింది. చమురు పనులకు ఇంగ్లీషు మాట్లాడే ఇంజినీర్లు దిగాక వాళ్ల కోసం ఇంగ్లీషు ప్రసారాలూ మొదలయ్యాయి.

అసలు మలుపు 1997. అజ్మాన్‌లో ఛానల్ 4 ఎఫ్ఎం ప్రైవేటు వాణిజ్య రేడియోకు తలుపు తీసింది. అంత చిన్న ఎమిరేట్‌లో ఎందుకంటే, ఎఫ్ఎం తరంగం చూపు ఆనినంత మేరే పోతుంది. అజ్మాన్‌కూ దుబాయ్‌కీ మధ్య కొండ లేదు, గుట్ట లేదు. టవర్ ఇక్కడ పెట్టి, ప్రకటనలు అక్కడ అమ్ముకోవచ్చు. ఎండాకాలం ఉక్కపోత రాత్రుల్లో సముద్రం మీద వేడిగాలి పొర తరంగాలను వంచేస్తుంది. అప్పుడు మీరు పెట్టిన స్టేషన్ మీదికి ఇరాన్ తీరపు పాట పిలవని పేరంటంలా వచ్చి కూర్చుంటుంది.

తర్వాత ప్రభుత్వ సంస్థలూ ఈ వ్యాపారంలోకి వచ్చాయి. దుబాయ్ 92, సిటీ 101.6, హిట్ 96.7 అన్నీ అరేబియన్ రేడియో నెట్‌వర్క్ గొడుగు కిందవే. 2008లో వర్జిన్ రేడియో 104.4 కూడా అదే గొడుగు కింద చేరింది.

ఎనిమిది నిమిషాల తలనొప్పి

క్లాసిక్ రాక్ అనే పద్ధతి అమెరికాది. అక్కడ 1960లలో మీడియం వేవ్ పాటలనే ఎఫ్ఎంలో మళ్లీ వేయడంపై ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. ఖాళీ అయిన సమయంలోకి పొడుగాటి రాక్ పాటలు దూరాయి. 1980లలో ఫ్రెడ్ జేకబ్స్ అనే రేడియో సలహాదారు, కొత్తవాటి జోలికి పోకుండా ఆ పాత రాక్ ఒక్కదానితోనే స్టేషన్ నడపొచ్చని చూపించాడు. మనకు ఘంటసాల పాటల గంట ఎలాగో, వాళ్లకు రోజంతా అలాగన్నమాట.

ఎమిరేట్స్‌లో ఆ లెక్క కుదరదు. శ్రోత ఆఫీసుకు పోయే కారులో ఉంటాడు. ట్రాఫిక్ కబురు, వార్తలు, ప్రకటనలు, ఆర్జే మాటలు పోగా గంటలో పాటకు మిగిలేది కొంతే. ఆరున్నర నిమిషాల ‘హోటల్ కాలిఫోర్నియా’ వేస్తే ఒక విరామం ప్రకటనలు ఎగిరిపోతాయి. అందుకే పొడుగు పాటలు రాత్రికో సెలవు రోజుకో పోతాయి. పొద్దున మూడు నాలుగు నిమిషాల్లో తేలిపోయేవే నడుస్తాయి.

క్యాలెండర్ కూడా ప్రోగ్రామ్ డైరెక్టరే. రంజాన్ నెలలో పని గంటలు తగ్గుతాయి, ఇఫ్తార్ ముందు రోడ్లు కిక్కిరిస్తాయి, గిటారు మోత మెత్తబడుతుంది. పాలకులెవరైనా పోతే మామూలు పాటలు ఆగి గంభీరమైన వాద్య సంగీతం వినిపిస్తుంది. 2022 జనవరి నుంచి చాలాచోట్ల వారాంతం శుక్ర-శని నుంచి శని-ఆదివారాలకు మారింది. అన్నేళ్లుగా సెలవు పాటలు వేసిన శుక్రవారం ఉదయం ఒక్కసారిగా పనివేళ అయింది.

వేదిక మీద మాత్రం మహారాజే

రేడియోలో గదికి పరిమితమైన రాక్, ఇసుక మీద మైదానాలు నింపింది. 2004లో మొదలైన దుబాయ్ డెజర్ట్ రాక్ ఫెస్టివల్‌కు 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ వచ్చింది. అదే నెల 17న వాళ్లు బెంగళూరులో వాయించారు. 2011 అక్టోబరు 25న అబుదాబి యాస్ ద్వీపంలో మెటాలికా, 30న బెంగళూరు. గల్ఫ్ మీదుగా మనవైపు రావడం ఆ బ్యాండ్లకు దారైపోయింది. 2014 ఫిబ్రవరిలో రోలింగ్ స్టోన్స్ కూడా యాస్‌లో వాయించారు. రాక్ తెల్లవాళ్ల సొత్తే అనుకోనక్కర్లేదు. క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ జాంజిబార్‌లో పుట్టి, పంచగని బడిలో చదువుకున్న పార్సీ. ఆయనదీ వలస బతుకే.

మన గంట ఏదీ?

ఆ డయల్ మీద ఎవరికి చోటు దొరుకుతుందో తలల లెక్క తేల్చదు, ప్రకటనలు తేలుస్తాయి. మలయాళ స్టేషన్లను నిలబెట్టింది మలయాళీ శ్రోతలు మాత్రమే కాదు. నగల దుకాణాలు, సూపర్‌మార్కెట్లు, ఆసుపత్రులు కూడా. ఇంగ్లీషు రాక్ శ్రోతలు జేబున్నవాళ్లే గానీ కొద్దిమంది. అందుకే దానికి స్టేషన్ కాకుండా గంటలు దక్కాయి.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి, గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి పోయిన మనవాళ్లు ఒకప్పుడు ఇంటివాళ్ల గొంతులు నింపిన క్యాసెట్లను పెట్టెలో దాచుకున్నారు. ఇప్పుడు కార్మికుల క్యాంపులో మంచం మీద వాలి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్‌లో పాట వింటున్నారు. ఎవరి పాట వాళ్లకే. పది మంది ఒకే గదిలో ఉన్నా పది పాటలు. రేడియో చేసేది వేరు. ఒకే క్షణంలో ఒకే పాట దుబాయ్‌లోని సోనాపూర్ క్యాంపులోనూ జబల్ అలీ లారీలోనూ వినిపిస్తే, ఊరివాడు పక్కనే ఉన్నట్టుంటుంది.

ఎమిరేట్స్‌లోని తెలుగు సంఘాలు ఉగాదికీ దసరాకూ హాళ్లు అద్దెకు తీసుకుంటున్నాయి. గాయకులను విమానంలో రప్పిస్తున్నాయి. ఆ ఖర్చులో కొంత పక్కన పెట్టి ఏదైనా స్టేషన్‌లో వారానికి ఒక్క గంట కొనండి. కూలీలకు సెలవైన రోజు చూసి కొనండి. తెలుగు వ్యాపారులు నలుగురు ప్రకటనలిస్తే అది నిలుస్తుంది. రాక్ పాట అద్దె గదిలోనే ఇన్నేళ్లు బతికింది. మన పాటకూ ముందు ఆ గది చూడండి. సొంతిల్లు సంగతి తర్వాత చూసుకోవచ్చు.