ఫ్లాష్ కొడితే తెల్లగా మెరిసిన కన్ను

కిందటేడు మా అక్క దేవరకొండ నుంచి వాట్సాప్‌లో బాబు ఫొటో పంపింది. వాడికి అప్పుడు మూడు నెలలు. ఫ్లాష్‌కి ఒక కన్ను ఎర్రగా పడింది, ఇంకోటి తెల్లగా. "తమ్మీ, గిదేందిరా?" అని అడిగింది. కెమెరా తప్పేమో అన్నా. ఇంట్లో పెద్దోళ్లు "పెద్దగైతే అదే పోతది" అన్నారు. అక్క మాత్రం తెల్లారే హైదరాబాద్ బస్సెక్కింది.

పుట్టుకతో వచ్చిన శుక్లం! మా తాతకి చేసిన ఆపరేషనే కదా అనుకున్నా. కానే కాదు.

పెద్దవాళ్ల లెన్స్ గట్టిగా ఉంటుంది. ఫేకోలో అల్ట్రాసౌండ్‌తో పగలగొట్టి తీస్తారు. పిల్లలది మెత్తన, పీల్చేస్తే వచ్చేస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. లెన్స్ ఉండే సంచి వెనక పొరని వదిలేస్తే పసిపిల్లల్లో దాదాపు ఖాయంగా మళ్లీ మసకబారుతుంది. తాతని మెషిన్ ముందు కూర్చోబెట్టి లేజర్ కొట్టారు. పసిబిడ్డ కూర్చుంటాడా? అందుకే మత్తులో ఉండగానే ఆ పొరకి గుండ్రంగా రంధ్రం చేసి, వెనకున్న జెల్లీ కొంచెం తీసేస్తారు.

మరి లోపల లెన్స్ పెట్టాలా, వద్దా? అమెరికాలో ఒక కంటికే శుక్లం ఉన్న 114 మంది పసిపిల్లల్లో ఇదే పోల్చారు. సగం మందికి లోపల లెన్స్, సగం మందికి కాంటాక్ట్ లెన్స్. 2014లో వచ్చిన ఐదేళ్ల ఫలితాల్లో చూపులో తేడా కనిపించలేదు. లోపల లెన్స్ పెట్టినవాళ్లకే మళ్లీ ఆపరేషన్లు ఎక్కువయ్యాయి. పైగా కన్ను పెరిగేకొద్దీ పవర్ మారుతుంది. కాంటాక్ట్ లెన్స్ వాడటం కుదరని ఇంట్లో అయితే లోపల లెన్సే నయం.

"చేతులు కడుక్కొని పెట్టుడేగా, నేర్చుకుంట" అంది అక్క. నేర్చుకుంది కూడా. అంతకన్నా కష్టం ప్యాచ్. మంచి కన్ను రోజూ కొన్ని గంటలు మూస్తేనే మెదడు రెండో కన్ను వాడటం నేర్చుకుంటుంది. వాడు ఏడ్చి పీకేసేవాడు, అక్కా ఏడ్చి మళ్లీ అంటించేది.

ఒక కంటికే ఉంటే ఆరు వారాల్లోపు తీయడం మేలట. మేం లేటయ్యాం, ఆ లోటు ఎంతో కొంత ఉంటుందన్నారు. అయినా మొన్న ప్యాచ్‌తోనే నేల మీద పడ్డ బియ్యపు గింజ ఏరి నాకు చూపించాడు.

మీ ఫోన్లో ఏ పాప కన్నైనా తెల్లగా మెరిస్తే ఆగకండి. అది కంటి క్యాన్సర్ కూడా కావచ్చు. ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే పరీక్షల్లో పుట్టుశుక్లం ఉంది. హైదరాబాద్‌లో సరోజినీ దేవి, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రులున్నాయి. గ్యాలరీ ఒకసారి తెరిచి చూడండి.