రోగియైన ఖైదీ - అయినవారి చూపు

తిరువూరు ప్రాంతమందలి ఎ.కొండూరు మండలములో, ముఖ్యముగా అచటి తండాలలో, మూత్రపిండముల జబ్బు ఏండ్ల తరబడి పీడించుచున్నది. రోగి మంచము ప్రక్కన కూర్చుండుట యనగా నేమో ఆ యూళ్ళవారికి ఒకరు చెప్పనక్కరలేదు. మందు ఒక యెత్తు, అయినవారి ముఖము ఒక యెత్తు. అయితే ఆ మంచము జైలుగోడల లోపల నున్నచో? చూడబోవుటకు ఇచ్చు అనుమతి దయాధర్మమా, హక్కా?

1894 నాటి కారాగార చట్టపు 40వ సెక్షను, విచారణలో నున్న ఖైదీలు తాము కోరినవారిని తగిన వేళల, తగిన కట్టుబాట్లతో కలిసికొనుటకు ఏర్పాటుండవలెనన్నది. తెల్లదొరల చట్టము ఆ మాత్రమైనను చెప్పుట విశేషమే. 1981లో ఫ్రాన్సిస్ కొరాలీ ముల్లిన్ కేసులో సుప్రీంకోర్టు, నిర్బంధములో నున్నవారు కుటుంబమును, న్యాయవాదిని కలిసికొనుట రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవించు హక్కులో భాగమేనని తీర్పు చెప్పినది. పౌరశాస్త్రములో ఆ అధికరణమును వల్లించు విద్యార్థులకు ఈ సంగతి కూడ చెప్పదగినది.

హక్కు కలదు సరే, రోగికి అది అందవలెను గదా! ఖైదీని ఆసుపత్రికి తరలించినపుడు చిక్కు రెట్టింపగును. జైలువారి అనుమతి ఒకటి, వార్డు ముందరి కావలి పోలీసు ఒకటి, ఆసుపత్రి నిబంధన మరియొకటి. వీని నడుమ బంధువులు వరండాలలో నిలువబడుదురు.

విప్లవకవి వరవరరావు భీమా కోరేగాఁవ్ కేసులో విచారణ ఖైదీగా నవీ ముంబయి చేరువనున్న తలోజా జైలులో నుండెను. 2020లో కరోనా కారణమున ములాఖత్తులు ఆగిపోయి, ఫోనే దిక్కయినది. ఆ జూలై 11న ఆయన హైదరాబాదులోని ఇంటికి ఫోను చేసి, ఏనాడో జరిగిన తల్లిదండ్రుల అంత్యక్రియలను గురించి పొంతనలేకుండ మాటాడెననియు, తోడిఖైదీ ఫోనందుకొని ఆయన నడువలేకున్నాడని తెలిపెననియు కుటుంబసభ్యులు ప్రకటించిరి. ఎనుబది యేండ్లకు చేరువైన మనిషి స్థితి ఇంటివారికి తెలిసినది ఒక ఫోను పలుకు తడబాటువలన! ఆ వెనుక ఆయనను ఆసుపత్రికి తరలించిరి. కరోనా సోకినట్లు తేలినది. నవంబరు 18న బొంబాయి హైకోర్టు ఆయనను ప్రభుత్వ వ్యయముతో నానావతి ఆసుపత్రికి మార్చుమనుచు, ఆసుపత్రి నియమముల ననుసరించి కుటుంబసభ్యులు చూడవచ్చునని స్పష్టముగా ఆదేశించినది. ఒక ముసలి రోగిని భార్యాబిడ్డలు చూచుటకు హైకోర్టు ఆజ్ఞ కావలసివచ్చినది. 2021 ఫిబ్రవరిలో ఆరు నెలల బెయిలు, 2022 ఆగస్టు 10న సుప్రీంకోర్టు నుండి కాలపరిమితి లేని వైద్య బెయిలు లభించినవి.

2015 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమములలో 69వది, ఖైదీకి తీవ్రమైన జబ్బు చేసినచో, తన ఆరోగ్య సమాచార మెవరికి తెలుపవలెనని అతడు సూచించెనో వారికి జైలు అధికారి తెలియజేయవలెనన్నది. 70వది ఇంకను మానవీయము: దగ్గరి బంధువు ప్రాణాపాయములో నున్నచో, పరిస్థితు లనుకూలించినపుడెల్ల ఖైదీనే ఆ మంచము కడకు పోనీయవలెను, కావలితోనైనను సరే. ఇవి ప్రభుత్వములను చట్టమువలె బంధించునవి కావు.

అమలాపురమున పుట్టిన ఆచార్య జి.ఎన్.సాయిబాబా శరీరములో తొంబది శాతము వైకల్యముతో, చక్రాల కుర్చీలో, నాగపూరు జైలులో యావజ్జీవ శిక్ష అనుభవించుచుండెను. క్యాన్సరుతో హైదరాబాదులో మరణశయ్యపై నున్న తల్లిని చూచుటకు గాని, 2020 ఆగస్టు 1న ఆమె మరణించిన వెనుక అంత్యక్రియలకు పోవుటకు గాని ఆయనకు అనుమతి లభింపలేదు. 2024 మార్చి 5న హైకోర్టు ఆయనను నిర్దోషిగా విడుదల చేసినది. అప్పటికి తల్లి పోయి మూడున్నర యేండ్లు దాటినది. ఆ అక్టోబరు 12న హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో ఆయనయు కన్నుమూసెను.