గుల్చీన్ ఆకులు రాలితే నీళ్లు పోయకండి

డిసెంబర్ వచ్చిందంటే పెరట్లో గుల్చీన్ చెట్టు మోడైపోతుంది. ఎండిపోతోందేమోనని ఇంట్లోవాళ్లు రోజూ బిందెడు నీళ్లు పోస్తారు. కొన్నాళ్లకు మొదలు మెత్తబడుతుంది, వేలితో నొక్కితే లోపలికి దిగుతుంది. చెట్టును చంపింది చలి కాదు, ఆ నీళ్లే.

తెలుగులో దీన్ని దేవగన్నేరు అంటారు. ఖబరస్తాన్లలో, దర్గాల దగ్గర, గుడుల ముందు ఎక్కడ చూసినా ఉంటుంది కాబట్టి ఇక్కడిదే అనుకుంటారు చాలామంది. సొంతూరు మాత్రం మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు. ప్లుమేరియా అనే శాస్త్రీయ నామం 17వ శతాబ్దపు ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త షార్ల్ ప్లూమియే పేరు మీద వచ్చింది. అక్కడ కొన్ని నెలలు వాన, మిగతా నెలలు పొడి. ఆ పొడి నెలల కోసమే లావుపాటి కొమ్మల్లో నీరు దాచుకుని, ఆకులు రాల్చి పడుకుంటుంది. ఆ సమయంలో వేర్లు నీళ్లు పెద్దగా పీల్చవు. నేల తడిగా ఉంటే కుళ్లిపోతాయి.

బతికుందా లేదా అని అనుమానమొస్తే కొమ్మ నొక్కి చూడండి. గట్టిగా ఉంటే భయం లేదు. మొదలు కుళ్లినా మొత్తం పోయినట్టు కాదు. పైన గట్టిగా ఉన్న కొమ్మను, లోపల మచ్చ లేకుండా తెల్లగా కనిపించేదాకా కోసి, మళ్లీ నాటుకోవచ్చు.

కొత్త మొక్కకైనా పద్ధతి ఇదే. ఫిబ్రవరి, మార్చిలో బూడిదరంగు తిరిగిన ముదురు కొమ్మను అడుగు పొడవున కోయాలి. వెంటనే నాటకూడదు. కోసిన చోట పాలు ఆరిపోయేలా వారం, పది రోజులు నీడలో పెట్టాలి. తర్వాత ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో నాలుగు అంగుళాలు దించి, ఒకసారి తడిపి, ఆకులు వచ్చేదాకా నీళ్లు తగ్గించాలి. కుండీకి అడుగున రంధ్రం తప్పనిసరి.

పూలు రావడం లేదంటే ముందు ఎండ చూసుకోండి. రోజుకు ఆరు గంటలైనా కావాలి. యూరియా వేస్తే ఆకులే పెరుగుతాయి. పూలగుత్తి కొమ్మ చివరనే వస్తుంది, కాబట్టి అందం కోసం ఊరికే కొసలు కత్తిరిస్తే పూలు ఆలస్యమవుతాయి.

రాత్రిపూట వాసన ఎక్కువ రావడానికీ కారణముంది. ఈ పూలలో మకరందం ఉండదు. వాసనతోనే చిమ్మటలను మోసగించి పుప్పొడి మోయించుకుంటాయి.

వానాకాలంలో ఆకుల కింద నారింజరంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. రాలిన ఆకులు ఏరి పారేయాలి. కొమ్మ విరిస్తే కారే పాలు చర్మానికి, కళ్లకు మంట పుట్టిస్తాయి. పిల్లలు పూలు కోసేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి.