తెరపై ఒకరు ఇద్దరయ్యే తీరు

హైదరాబాదుకు తూర్పున ఉప్పల్, నాచారం ఇరుగుపొరుగు పేటలు. కర్మాగారాలకు పేరుపడిన నాచారంలోనే సుప్రసిద్ధ నటుడు నందమూరి తారక రామారావు పేరుతో ముడిపడిన రామకృష్ణ స్టూడియో వెలసింది. అక్కడికి దగ్గరలోనే, ఉప్పల్ వెళ్ళే రోడ్డుపై హబ్సిగూడా వద్ద, సి.సి.ఎం.బి. అని అందరూ పిలిచే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం ఉన్నది. సినిమాకూ జీవశాస్త్రానికీ పొత్తు ఏమిటని విద్యార్థులు అడగవచ్చును. పొత్తు ఉన్నది. ఒక చిన్న ప్రశ్నతో దానిని పట్టుకుందాం.

1964లో వచ్చిన ‘రాముడు భీముడు’లో రామారావు ద్విపాత్రాభినయం చేశారు. 1977 జనవరి 14న విడుదలైన ‘దాన వీర శూర కర్ణ’లో కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు పాత్రలూ ఆయనవే. కంప్యూటరు సహాయం లేని ఆ రోజులలో, ఒకే మనిషి తనకెదురుగా తానే నిలిచి మాట్లాడినట్లు చూపడం ఎట్లా?

జవాబు మన పాఠశాల ప్రయోగశాలలోనే ఉన్నది. కుండీలోని మొక్కను రెండు రోజులు చీకటిలో ఉంచి, ఒక ఆకుకు నల్ల కాగితపు పట్టీ తగిలించి ఎండలో పెడతాము. తరువాత ఆకులోని పత్రహరితాన్ని తొలగించి అయోడిన్ ద్రావణం వేస్తే, ఎండ సోకిన భాగమే నీలి నలుపుగా మారుతుంది. పట్టీ క్రింది భాగం మారదు.

ఫిల్ము స్వభావమూ ఇదే. దాని పూతలోని సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికాలలో కాంతి సోకినవే మార్పు చెందుతాయి. రసాయన ద్రవాలలో కడిగేవరకు ఆ మార్పు కంటికి కనిపించదు. కాంతి సోకని భాగం కొత్త ఫిల్ముగానే మిగిలి ఉంటుంది.

ఈ గుణాన్ని ఆధారం చేసుకొని ఛాయాగ్రాహకుడు దృశ్యంలో కుడి సగం కనబడకుండా కటకం ముందు నల్ల అట్ట అమర్చుతాడు. నటుడు ఎడమ ప్రక్క నిలిచి ఒక పాత్ర నటిస్తాడు. సెకనుకు 24 బొమ్మల చొప్పున 10 సెకన్లకు 240 బొమ్మలు. కటకాన్ని పూర్తిగా మూసి ఆ 240 బొమ్మలనూ వెనుకకు చుట్టి, ఇప్పుడు ఎడమ సగాన్ని అట్టతో కప్పుతారు. నటుడు వేషం మార్చుకొని కుడి ప్రక్క నిలుస్తాడు. అదే ఫిల్ముపై రెండవ సగం పడుతుంది. ఒకే ఫిల్ముపై పలుమార్లు చిత్రించే ఉపాయంతోనే ఫ్రెంచి దర్శకుడు జార్జి మెలియే 1900లో తీసిన ఒక చిత్రంలో ఏడుగురు వాద్యగాళ్ళుగా తానొక్కడే కనిపించాడు.

మరి మధ్యన గీత కనిపించదా? అట్ట కటకానికి చాలా దగ్గరగా ఉండటం వల్ల దాని అంచు స్పష్టంగా పడక మసకగా పడుతుంది. ఆ మసక పట్టీలో ఒక చోట మొదటిసారి 70 వంతుల కాంతి పడితే, రెండవసారి 30 వంతులు పడుతుంది. మొత్తం 100. అట్టలు సరిగా అమరి, దీపాల వెలుగు మారకుండా ఉంటే అతుకు తెలియదు.

అసలు కష్టం కదలకుండా ఉండటంలో ఉన్నది. ఫిల్ముపై 22 మిల్లీమీటర్ల వెడల్పున్న బొమ్మ 6.6 మీటర్ల తెరను నింపితే 300 రెట్లు పెరిగినట్లు. రెండు చిత్రణల మధ్య ఫిల్ము మీది బొమ్మ ఒక మిల్లీమీటరులో పదవ వంతు జరిగినా తెరపై 3 సెంటీమీటర్ల తేడా వస్తుంది. స్తంభం రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ఫిల్ము కడిగేదాకా తప్పు తెలియదు. తెలిసిన తరువాత రెండు నటనలూ వ్యర్థమే.

ఇక సి.సి.ఎం.బి. వంటి ప్రయోగశాలల సంగతి. కణాల చిత్రాలలో కేంద్రకం నీలంగా, ఒక ప్రోటీను ఆకుపచ్చగా మెరుస్తుండటం మీరు చూసి ఉంటారు. అటువంటి చిత్రాలను చాలా సందర్భాలలో ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క వడపోత అద్దం పెట్టి, విడివిడిగా తీసి, తరువాత ఒకదానిపై ఒకటి కలుపుతారు. నడుమ పలక ఇసుమంత జరిగితే కేంద్రకం వెలుపల ఉన్న ప్రోటీను లోపల ఉన్నట్లు కనిపించవచ్చును. సినిమాలో ఇటువంటి పొరపాటు ఒక దృశ్యాన్ని చెడగొడుతుంది. ఇక్కడ అది ఒక సత్యాన్నే తారుమారు చేస్తుంది. అందుకే శాస్త్రజ్ఞుడు బొమ్మను నమ్మే ముందు, అది ఎట్లా తయారైనదో విచారిస్తాడు.

ఉపాధ్యాయులు ఆకు ప్రయోగం చేయించిన రోజున పాత ద్విపాత్రాభినయ చిత్రంలోని ఒక దృశ్యాన్ని కూడ చూపించవచ్చును. ఇద్దరి మధ్య సరిహద్దు ఎక్కడ? అక్కడ స్తంభమో, తలుపు అంచో ఉన్నదా? ఒకరి చేయి ఎప్పుడైనా ఆ సరిహద్దు దాటిందా? ఇద్దరూ కౌగిలించుకున్నప్పుడు ఒకరి వీపు మాత్రమే ఎందుకు కనిపిస్తున్నది? ఈ ప్రశ్నలకు జవాబు వెదికే విద్యార్థికి వినోదం ఏమీ తగ్గదు, పరిశీలన అలవడుతుంది.